నలభై దాటినవాళ్ళ దువా

మా తమ్ముడి విజిటింగ్ కార్డు చూసినప్పుడల్లా దాన్ని బోర్లా తిప్పి పెడతాను. ‘మౌలా అలీ ఖాన్, ప్రొప్రయిటర్’ అని బంగారు రంగు అక్షరాలు. మా నాయన పెట్టిన పేరు మౌలాలి. దూదేకుల మౌలాలి. మావాళ్ళంతా బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో భుజాన విల్లు తగిలించుకుని ఇంటింటికీ తిరిగి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చినవాళ్ళు. ఈ ఖాన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మారతహళ్ళిలో స్పాంజి పరుపుల షోరూము తెరిచిన రోజు రిబ్బనుతోపాటు వచ్చాడు.

నా పేరు మాబున్ని. నగర్తపేటలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని దిండు గలీబులు కుట్టిస్తాను. నేను దూదేకుల మాబున్నినని ఊరంతా తెలుసు. అంతమాత్రాన నా గలీబుల్లో దిండు దూర్చనన్నవాడు ఇంతవరకు తగల్లేదు.

మా తమ్ముడికి మాత్రం మేము దూదేకులవాళ్ళమంటే నలుగురిలో తల తీసేసినట్టు ఉంటుంది. ఉర్దూ మాట్లాడే పెద్దమనుషులు మమ్మల్ని ఒక మెట్టు కిందగా చూస్తారని వాడి బాధ. కొందరు చూస్తారు, కాదనను. చూసేవాణ్ణి చూసి మనం కూడా అమ్మను అలాగే చూడాలా? వాడు చేసింది అదే. ఇంట్లో తెలుగు మాట్లాడకూడదని కట్టడి పెట్టాడు. కూతురు అఫ్రీన్ చిన్నప్పుడు ‘నాయనా’ అని పిలిచేది, దాన్ని తిట్టి ‘అబ్బూ’ అనిపించాడు. మా అమ్మ పీరమ్మను ఫ్లాట్లో వంటింటి వెనక, వాషింగ్ మిషను పక్కనున్న చిన్న గదిలో పెట్టాడు. ఎవరైనా వస్తే ఆమె బయటికి రాకూడదు. పొరపాటున వస్తే, “ఆమెకు మాట సరిగ్గా రాదు” అని వాడే చెప్పేస్తాడు. మా అమ్మకు మాట రాకపోవడమేమిటి? దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై దగ్గుతుంది కానీ, నోరు విప్పితే పక్క వీధివాళ్ళ కోడలి కడుపులో ఏముందో కూడా చెప్పగలదు.

ఆదివారం పొద్దున్నే అమ్మను చూడడానికి మారతహళ్ళి వెళ్ళడం నాకు అలవాటు. అలా వెళ్ళిన ఒక ఆదివారం మొదటిసారి ఆ తమాషా చూశాను.

పదమూడేళ్ళ అఫ్రీన్ హాల్లో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తలకు ఓణీ చుట్టుకుంది, కళ్ళల్లో ఇంకా నిద్ర ఉంది. వాళ్ళ నాయన సోఫాలో కూర్చుని ఫోను కెమెరా దాని మొహం మీద పెట్టాడు. అది అరబ్బీలో ఒక దువా చదివింది. “రబ్బి ఔజిఅనీ అన్ అష్కుర నిఅమతక...” అని మొదలై నాలుగైదు వరుసలు. పిల్ల గొంతు బాగుంటుంది. చదవడం అయిపోయాక కథ మొదలైంది.

“ఇప్పుడు షుక్రియా చెప్పు” అన్నాడు మా తమ్ముడు.

“షుక్రియా అబ్బూ, మంచి స్కూల్లో చేర్చినందుకు.”

“ఇంకా?”

“ఏసీ పెట్టించినందుకు.”

“నవ్వుతా చెప్పు. ఇంకా?”

పిల్ల నవ్వింది. బట్టల అంగడిలో జీతానికి నిలబడ్డ అమ్మాయి నవ్వే నవ్వు అది. తర్వాత ఆ వీడియో చుట్టాల గ్రూపులోకి వెళ్ళింది, వాడి స్టేటస్‌లోకి వెళ్ళింది. అందరూ మాషా అల్లా అని రాశారు. వాడు ఒక్కొక్కటీ చదువుకుంటూ టీ తాగాడు.

“ఏందప్పా ఇది?” అన్నాను.

“పిల్లోళ్ళు విశ్వాసంగా పెరిగేదానికి దువా అక్కా ఇది” అన్నాడు. నాతో ఒక్కదానితోనే ఇంకా తెలుగు మాట్లాడతాడు, ఎందుకంటే వాడి ఉర్దూకు నేను నవ్వుతాను. “ఒక వీడియోలో చెప్పినారు. దినామూ చదివితే బిడ్డలు తల్లిదండ్రులు చేసింది మర్సిపోరంట. ఈ కాలం పిల్లోళ్ళకు ఎంత చేసినా లెక్కే లేదు గదా.”

“చదవకపోతే?”

“చదవకపోతే ఆ దినం ఫోను లేదు, టీవీ లేదు” అన్నాడు.

కృతజ్ఞతను ఇలా పిండుకునే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. పాలవాడు కూడా ఆవుకు కాస్త గడ్డి వేసి పిండుతాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాక వెనక గదిలోకి వెళ్ళాను. అమ్మ మంచం మీద కూర్చుని, హాల్లోంచి వస్తున్న మాటలకు పెదాలు కదుపుతూ వింటోంది.

రంజాన్ వెళ్ళిన తర్వాత అఫ్రీన్ ఒకరోజు స్కూలు సెలవని నా దగ్గరికి నగర్తపేట వచ్చింది. గలీబులకు బొత్తాలు కుడుతూ కూర్చుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి మామూలు పిల్ల నవ్వు.

“అత్తా, ఆ దువాకు అర్థం ఏమో తెలుసునా నీకు?”

మాకు ఎవరికి తెలుసు? మేము అరబ్బీని భయంతో, భక్తితో చదివేవాళ్ళమే కానీ ఏనాడూ ఏమిటని అడిగినవాళ్ళం కాదు.

“ఉస్తాద్ బీని అడిగినా” అంది. ఉస్తాద్ బీ అంటే దానికి ఖురాన్ నేర్పే జులేఖా బీ. సాయంత్రాలు ఇంటికి వచ్చి చెబుతుంది. “ఆమె నవ్వింది అత్తా. ఇది నువ్వు చదివే దువా కాదు గదే పాపా అనింది. మనిషికి నలభై ఏండ్లు వచ్చినాక చెప్పుకునే దువా అంట. ఖురాన్లోనే అట్ల ఉండాదంట.”

తెలుగులో అర్థం ఫోనులో వెతికి పెట్టుకుంది. చదివి వినిపించింది. ప్రభూ, నాకూ నా తల్లిదండ్రులకూ నువ్వు చేసిన మేలుకు కృతజ్ఞత చూపే బుద్ధి నాకు ఇవ్వు. నీకు నచ్చే మంచి పని నాచేత చేయించు. నా సంతానాన్ని నా కోసం చక్కదిద్దు.

నేను కుట్టుమిషను ఆపేశాను. నలభై దాటినవాడు, పిల్లలున్నవాడు, ముందు తనకు కృతజ్ఞత కావాలని అడుక్కునే దువా అది. తన తల్లిదండ్రులను తలుచుకుని అడుక్కునే దువా. పిల్లల సంగతి ఆఖర్న వస్తుంది. ఆరు నెలలుగా మా తమ్ముడు దాన్ని పదమూడేళ్ళ పిల్లచేత చదివిస్తున్నాడు. ఈ పిల్ల పొద్దున్నే లేచి, ఇంకా పుట్టని తన పిల్లలు బాగుపడాలని దేవుణ్ణి అడుగుతోంది. వాడేమో ఎదురుగా కూర్చుని వీడియో తీసుకుంటున్నాడు.

“మీ నాయనకు చెప్పినావా?”

“ఉస్తాద్ బీనే చెప్పింది. ఏదైతే ఏమి, దువా దువానే గదా అన్యాడు.”

నాకు ఉమ్మేయాలనిపించింది. నిజంగానే కిటికీలోంచి ఉమ్మేశాను.

“జేజికి గూడ చెప్పినా అత్తా” అంది అఫ్రీన్. జేజి అంటే మా అమ్మ. “జేజి ఏమనిందో తెలుసునా? అట్లయితే అది నాది పాపా, నాకు ఎప్పుడో నలభై దాటినాయి గదా అనింది. అప్పట్నుంచి దినామూ నేను హాల్లో చదువుతా ఉంటే, లోపల జేజి తెలుగులో చెప్పుకుంటాది.”

ఖురాన్ మొత్తం చదవడం పూర్తయితే మావాళ్ళు ఆమీన్ ఫంక్షన్ చేస్తారు. పిల్ల చివరి వరుసలు అందరి ముందు చదువుతుంది. తర్వాత పెద్దవాళ్ళెవరైనా దువా చేస్తే అందరూ చేతులెత్తి ఆమీన్ అంటారు. అఫ్రీన్‌ది పూర్తయింది. మా తమ్ముడు కె.ఆర్.పురంలో ఒక హాలు మాట్లాడాడు. శివాజీనగర్ వైపు పెద్దమనుషులను, పరుపుల వ్యాపారులను పిలిచాడు. తాము ఆర్కాటు నుంచి వచ్చిన ఖాన్‌లమని వాళ్ళకు ఎప్పుడో చెప్పి పెట్టాడు. ఇక మా అమ్మను అక్కడికి ఎలా తీసుకువెళ్తాడు?

“జేజికి ఒంట్లో బాగలేదు, ఇంట్లో ఉంటాది” అన్నాడు కూతురితో.

అఫ్రీన్ కోరుకున్నది ఒకటే. ఆ రోజు తన తలమీద చెయ్యి పెట్టి దువా చేసేది జేజి కావాలి. అక్షరాలు పట్టుబడని రోజుల్లో, ఉస్తాద్ బీ వెళ్ళిపోయాక, రాత్రి అన్నాల వేళదాకా పిల్ల పక్కన కూర్చుని “మల్లా చదువు, ఇంగోతూరి చదువు” అన్నది జేజి. జేజికి ఒక్క అక్షరం రాదు. పిల్ల తడబడితే మాత్రం పట్టుకునేది, నిన్న అట్ల అనలేదే అని. పిల్లకు అది మాత్రమే కావాలని నేను వాడికి చెప్పాను.

“అక్కా, అమ్మ నోరు తెరిస్తే ‘అల్లాసామీ’ అంటాది” అన్నాడు వాడు. “వాళ్ళందరి ముందర నా మొగం ఏం గావాల?”

అల్లాసామీ అంటే తప్పేమిటి? మా తాతలందరూ అలాగే పిలిచారు. ఆయన పలికాడు, మమ్మల్ని బతికించాడు. ఈ మాట అన్నాను. వాడు వినలేదు.

అఫ్రీన్ వాళ్ళ నాయన కూతురే కదా, బేరం పెట్టింది. స్టేజీ మీద చెప్పాల్సిన షుక్రియా ఉపన్యాసం వాడు ముందే రాసి ఇచ్చాడు. జేజి రాకపోతే అది చెప్పనంది. వాడు రెండు రోజులు అరిచి, చివరికి దిగివచ్చాడు. జేజి రావచ్చు. ఆడవాళ్ళ వైపు ఆఖరి వరుసలో, గోడవారగా, తెర చివర కూర్చోవాలి. గొంతు నొప్పి అని చెప్పాలి. దువా మౌల్వీ సాబ్ చేస్తాడు.

“అక్కా, నువ్వు అమ్మ పక్కనే కూర్చో. నోరెత్తనీయొద్దు” అని నాకు పని అప్పగించాడు. తల్లి నోటికి కాపలా కూర్చోమని కూతురికి చెప్పే కొడుకును కన్నందుకు మా అమ్మ ఏ పాపం చేసిందో. పిల్ల కోసం ఒప్పుకున్నాను.

హాల్లో నిలువునా తెల్లటి తెర కట్టారు, ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. అమ్మకు ఉన్నవాటిలో మంచి చీర కట్టించి తీసుకొచ్చాను. తెర చివర మడత కాస్త తొలిగి ఉండడంతో మా కుర్చీల్లోంచి అవతల మొదటి వరుస కనబడుతోంది. అక్కడ మా తమ్ముడు షేర్వానీ వేసుకుని, వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని ఊపుతున్నాడు. ఒకాయన మా అమ్మ గురించి అడిగినట్టున్నాడు. వాడు గొంతు పట్టుకుని, తల అడ్డంగా ఆడించి చూపించాడు. అది నాకు కనబడింది. అమ్మకు కూడా కనబడింది.

“గొంతు నొప్పి అంటాండాడు” అంది అమ్మ మెల్లగా. “నొప్పి లేదు గదా మాబున్నీ.”

“సుమ్నే ఉండు మా” అన్నాను. ఊరుకోమనే ఆ మాట నా నోటనే వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

వీడియో తీసేవాడు అఫ్రీన్ ఓణీకి పెట్టుకునే చిన్న కాలరు మైకు ఇచ్చి పంపాడు. షుక్రియా ఉపన్యాసం ఒక్క ముక్క పోకుండా రావాలని, హాలు స్పీకర్లకు కూడా దాన్నే కలపమని మా తమ్ముడు వాడికి నాలుగుసార్లు చెప్పడం నేను విన్నాను. ఆడవాళ్ళ వైపుకు వీడియోవాడు రాకూడదు కాబట్టి వాళ్ళమ్మ, మా మరదలే దాన్ని పిల్లకు తగిలించింది.

మావైపున్న స్టేజీ ఎక్కి అఫ్రీన్ చదివింది. ఖురాన్లోని చివరి చిన్న సూరాలు, తప్పు లేకుండా, తొందర లేకుండా. అమ్మ పక్కన పెదాలు కదుపుతూనే ఉంది. తర్వాత పిల్ల కాగితం విప్పి ఉపన్యాసం చదివింది. స్కూలుకు షుక్రియా, ఫ్లాటుకు షుక్రియా, కారుకు షుక్రియా, ఖాన్ ఖాన్‌దాన్‌లో పుట్టించినందుకు షుక్రియా. అవతల మా తమ్ముడు కర్చీఫుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తను రాసుకున్న పొగడ్తకు తనే ఏడ్చే మగవాణ్ణి చూడడం కన్నా మురుగుకాలువ చూడడం నయం. కాలువకు తను కాలువనని తెలుసు.

ఉపన్యాసం అయింది. అందరూ దువా కోసం సర్దుకుని కూర్చున్నారు. మగవాళ్ళ వైపు మౌల్వీ సాబ్ మైకు పనిచేయక ఎవరో దాన్ని తట్టి చూస్తున్నారు. ఈ సందులో అఫ్రీన్ స్టేజీ దిగి, మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళను దాటుకుని, నేరుగా మా దగ్గరికి వచ్చింది. జేజి కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. ఆమె చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది.

“జేజీ, నీ దువా చెప్పు. నేను ఆమీన్ అంటా” అంది.

ఆ మాటలు పైనున్న స్పీకర్లలోంచి వచ్చాయి. మైకు ఓణీకే ఉంది. దాని కొసన చిన్న పచ్చ దీపం వెలుగుతోంది. అమ్మకు అదంతా తెలియదు, ఆమెకు అసలే చెవులు అంతంతమాత్రం. పిల్లకు తెలుసో తెలియదో నేను ఇప్పటికీ అడగలేదు. నాకు మాత్రం తెలిసింది. చెయ్యి చాచి మీట నొక్కితే సరిపోయేది. నన్ను అక్కడ కూర్చోబెట్టింది కూడా అందుకే.

నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

“మౌలాలి వద్దన్యాడే” అంది అమ్మ నావైపు చూసి. అది కూడా హాలంతా వినబడింది.

“చెప్పు మా” అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుంది.

“అల్లాసామీ” అంది. “నాకు మేలు చేసినావు. మా అమ్మకు, మా నాయనకు మేలు చేసినావు. దూది ఏకి బతికినాము. తిన్న దినం తిన్యాము, లేని దినం లేదు. అయినా ఒకరి ముందర చెయ్యి చాపనీయలేదు నువ్వు. ఆ మేలు నేను మర్సిపోకుండా చూడు సామీ.”

తెరకు అవతల గుసగుసలు ఆగిపోయాయి. దువా మొదలైందనుకున్నారు, మొదలైంది కూడా. ఎవరు చేస్తున్నారో వాళ్ళకు కనబడదు. ఈ ఊళ్ళో తెలుగు బొత్తిగా అర్థం కానివాళ్ళు తక్కువ. అర్థం కానివాళ్ళకు కూడా దువా గొంతు తెలుస్తుంది. తెర సందులోంచి చూస్తే ఒక్కొక్కరే రెండు చేతులూ ఎత్తి పడుతున్నారు. మా తమ్ముడి చేతులు కూడా లేచాయి. అలవాటు అది, చిన్నప్పుడు ఈ గొంతుకే నేర్చుకున్న అలవాటు. ఆ గొంతు ఎవరిదో వాడికి అప్పుడే తట్టింది. చుట్టూ అందరూ చేతులెత్తి ఉండగా తను మాత్రం దించలేకపోయాడు.

“ఈ పాపకు సదువు ఇచ్చినావు. ఇంగా మంచి ఇయ్యి. నా బిడ్డలను సక్కబెట్టు సామీ. మాబున్నికి నోటి దురుసు, తగ్గించు. నా కొడుకు మౌలాలి చెడ్డోడు కాదు. వానికి సిగ్గు. నన్ను చూసి సిగ్గుపడతాండాడు, వాళ్ళ నాయన విల్లును చూసి సిగ్గుపడతాండాడు. ఆ సిగ్గు వాని కడుపులోనుంచి తీసెయ్యి. వాడు నాకు షుక్రియాలు చెప్పే పని లేదు. కన్నందుకు పెంచినాను, అంతే. వాడు గూడ ఈ పాపను అట్లనే పెంచేట్టు బుద్ధి ఇయ్యి.”

ఆగింది. ఊపిరి అందక ఆగింది, పూర్తయి కాదు. అంతలో ముందు వరుసలోంచి ఉస్తాద్ బీ గట్టిగా “ఆమీన్” అంది. ఆడవాళ్ళందరూ అన్నారు. తెర అవతల మగవాళ్ళందరూ అన్నారు, శివాజీనగర్ పెద్దమనుషులతో సహా. ఎక్కువమందికి ఆ మౌలాలి ఎవరో తెలియదు, వాళ్ళు వచ్చింది ఖాన్ ఇంటి ఫంక్షన్‌కు. మా తమ్ముడి పెదాలు కదిలాయి. నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను. ఆ మూకలో వాడు ఒక్కడే నోరు మూసుకుని ఉంటే అందరూ చూస్తారు. ఆమీన్ అన్నాడు. చేతులతో మొహం తుడుచుకున్నాడు, అందరిలాగే.

తర్వాత వాడు లేచి తెర దగ్గరికి వచ్చాడు. అమ్మవైపు వస్తాడేమో అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నా తమ్ముడి మీద నాకు ఆశ పుట్టిన మాట నిజం. మడత పక్కకు లాగి, లోపలికి తల పెట్టి, అమ్మవైపు చూడకుండా నన్ను చూశాడు.

“మైకు ఎందుకు ఆఫ్ చేయలేదు?” అన్నాడు.

అంతే. అమ్మ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. నాకు కోపం కూడా రాలేదు. అన్నంలో బొద్దింక కనబడితే ఎలా ఉంటుందో అలా ఉండింది. తెర లాగి మూసేశాను.

అఫ్రీన్ ఓణీనుంచి మైకు తీసి నా చేతిలో పెట్టింది. పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది, మీట నొక్కాను. వాళ్ళ జేజి చెయ్యి మాత్రం తన తలమీదనే ఉంచుకుంది. బిరియానీ వడ్డించడానికి పిలుస్తున్నారు. ఆడవాళ్ళు కొందరు వచ్చి అమ్మ చేతులు కళ్ళకు అద్దుకుని వెళ్తున్నారు. అమ్మకు ఎందుకో అర్థం కావడం లేదు. ఇంతమందికి తన మాట ఎలా వినబడిందో ఆమెకు ఇంకా తెలియదు.

“మాబున్నీ” అంది అమ్మ, వాళ్ళందరూ వెళ్ళాక. “మౌలాలి యాడుండాడు? అక్కడ్నే ఉండాడా? అందరూ ఆమీన్ అన్యారు గదా. వాడు అన్యాడా?”

“అన్నాడు మా.”

“నువ్వు చూసినావా?”

“చూసినా. కండ్లారా చూసినా.”

“అయితే చాల్లే” అంది అమ్మ. లేవడానికి పిల్ల భుజం పట్టుకుంది. “అల్లాసామి ఇనుకోనుంటాడు. పాండి, అన్నం తిందాము.”

వాడు తర్వాత అడిగిందేమిటో ఆమెకు చెప్పలేదు. అఫ్రీన్ కూడా చెప్పలేదు. ఇద్దరం చెరో పక్కన పట్టుకుని ఆమెను భోజనాల దగ్గరికి నడిపించాం.